వత్తల్‌మలై జీపు వెనక ఇరుసు

ధర్మపురి నుంచి వత్తల్‌మలై సుమారు పాతిక కిలోమీటర్లు. తూర్పు కనుమల్లో దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎక్కే దారిలో ఇరవైకి పైగా హెయిర్‌పిన్ మలుపులు. పైన పెరియూర్, చిన్నాంకాడు, పాల్‌సిలంబు లాంటి చిన్న చిన్న పల్లెలు. అక్కడుండేవాళ్ళలో ఎక్కువమంది తమిళం మాట్లాడే మలయాళీ తెగ గిరిజనులు. సామలు, రాగులు పండిస్తారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ వేస్తారు, ఆ చెట్ల మీదికే మిరియం తీగ పాకిస్తారు. ప్రభుత్వ బస్సు ఆ కొండ ఎక్కింది 2022లో. అంతకుముందు సరుకు దిగాలన్నా, మనిషి ఆస్పత్రికి పోవాలన్నా జీపులే దిక్కు. ఆ జీపుల్లో ఒకటి మా బావది.

ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు చుట్టుపక్కల తరతరాలుగా తెలుగిళ్ళు ఉన్నాయి. మాదీ అలాంటి ఇల్లే. సేలం జిల్లా నుంచి ధర్మపురి విడిపోయిన 1965లో మా తాత ఇక్కడి సంతలో మిరియాలు కొనేవాడట. ఆ వ్యాపారం మా అక్కను చేసుకున్న బావ చేతికొచ్చింది. కొండ మీద కాఫీ, మిరియాలు కొని కిందికి దించడం, పైకి పోయేటప్పుడు బియ్యం, సిమెంటు, మనుషులను ఎక్కించుకు పోవడం ఆయన పని. బండి మహీంద్రా ఎమ్‌ఎమ్ 540. ప్యూజో డిజైన్ చేసిన ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజను, 2,112 సీసీ. మిలిటరీ వేలంలో కొన్నతని దగ్గర బావ మారుబేరానికి కొన్నాడు. వెనక ఇరుసులో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డీ) ఉందని తెలిశాకే బేరం కుదిర్చాడు. ఇంజను పోతే ఎక్కడైనా బాగుచేసుకోవచ్చు, ఇది ఉన్న ఇరుసు మళ్ళీ దొరకదని ఆయన లెక్క.

ఎల్‌ఎస్‌డీ అంటే ఏమిటో చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి ఈడ్చుకుపోతుంది. ఈ చిక్కు తీర్చడానికి ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకూర్ అనే ఆయన 1820ల చివర్లో ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కు పేటెంటు తీసుకున్నాడు. అయితే మామూలు డిఫరెన్షియల్‌లో ఒక లోపం ఉంది. అది రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలమే ఇస్తుంది. ఒక చక్రం బురదలో పడి జారితే, ఆ జారే చక్రానికి ఎంత పట్టు ఉందో గట్టి నేల మీదున్న రెండోదానికీ అంత బలమే అందుతుంది. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి చతికిలబడితే రెండోది ఎంత బలమైనదైనా బండి కదలదు కదా, అలాగన్నమాట. 1930లలో ఫెర్డినాండ్ పోర్షే ఆటో యూనియన్ రేసు కార్ల కోసం జెడ్‌ఎఫ్ కంపెనీ చేత ఈ లోపానికి విరుగుడు చేయించాడు. 1956లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లలోకి అలాంటిదే వచ్చింది. జీపుల్లోకి వచ్చిన రకం చాలా సులువైనది. డిఫరెన్షియల్ డబ్బాలోనే, చక్రాల షాఫ్టులకు కూర్చున్న రెండు సన్ గేర్ల వెనకా సన్నని ఉక్కు ప్లేట్ల దొంతరలు ఉంటాయి. ఒక ప్లేటు గేరుతో తిరిగేది, పక్క ప్లేటు డబ్బాతో తిరిగేది, మళ్ళీ గేరుది, మళ్ళీ డబ్బాది. బలం పడినప్పుడు గేర్లు పక్కలకు తోసుకుని ఆ దొంతరను నొక్కుతాయి. ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒక చక్రం ఒంటరిగా జారిపోకుండా ఆ రాపిడి ఆపుతుంది.

ప్లేట్లు అరిగితే బండి చప్పుడు చేయదు, ఆయిలు కారదు, రోడ్డు మీద ఏ తేడా కనబడదు. తెలిసేది బురదలోనే.

మాకు 2017 వానాకాలంలో తెలిసింది. పెరియూర్ దాటి లోపలి పల్లెకు పోయే మట్టి దారిలో వాన నీళ్ళు అడ్డంగా గాడి కోసేశాయి. జ్వరంతో మూసిన కన్ను తెరవని ఒక పెద్దాయనను కిందికి దించాలి. వెనక సీట్లో ఆయన, ఆయన కొడుకు, కోడలు. బావ పక్కన నేను. ముందు చక్రాలు గాడి దాటాయి. వెనక కుడి చక్రం దాంట్లోకి దిగగానే బండి ఆగిపోయింది. బావ నాలుగు చక్రాలకూ బలం పంపే స్పెషల్ గేర్ వేశాడు. నేను దిగి చూశాను. వెనక కుడి చక్రం గిర్రున తిరుగుతూ ఎర్ర బురద చిమ్ముతోంది. రాతి మీదున్న ఎడమ చక్రంలో చలనమే లేదు. ముందు కూడా ఒక చక్రమే తిరుగుతోంది, అదీ జారే వైపుదే. నాలుగు చక్రాలకూ బలం పోయే బండిలో పట్టున్న రెండు చక్రాలూ ఊరకే నిలబడ్డాయి.

బ్రేకు మీద కాలు కొంచెం ఆనించి యాక్సిలేటర్ ఇస్తే జారే చక్రానికి అడ్డు తగిలి రెండోదానికి కొంత బలం అందుతుంది. పాత డ్రైవర్లకు తెలిసిన కిటుకే. బావ అదీ చేశాడు. బండి ఒక జానెడు ముందుకు జరిగి మళ్ళీ కూలబడింది. చివరికి ఊరివాళ్ళు వచ్చి పెద్దాయనను డోలీలో తారు రోడ్డు దాకా మోసుకుపోయారు. అక్కడి నుంచి ఇంకో జీపు. పెన్నాగరం వైపు కోట్టూరు కొండకు ఎన్నికలప్పుడు ఓటింగు యంత్రాలను గాడిదల మీద ఎక్కించుకు పోయిన జిల్లా ఇది. ఇక్కడ బండి ఆగితే మిగిలేది మనుషుల భుజాలే. ఆయన బతికి బయటపడ్డాడు. బావ మాత్రం దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు ధర్మపురిలో మేస్త్రి షెడ్డుకు పోయాం. ఆయనా మనవాడే, అరవై దాటినవాడు, ఊళ్ళో అందరికీ మామ. కథంతా విని, "ముందు రెండు చక్రాలూ లేపుదాం అప్పా, బండే చెప్తుంది" అన్నాడు. ఇరుసు కింద రెండు వైపులా జాకీలు పెట్టి, స్టాండ్లు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టాడు. ఎడమ చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పాడు. కుడి చక్రం వెనక్కి తిరిగింది. అదీ పరీక్ష. మామూలు డిఫరెన్షియల్ అయితే రెండోది ఎదురు తిరుగుతుంది. ఎల్‌ఎస్‌డీ బాగుంటే రెండూ ఒకే వైపు తిరుగుతాయి. మా బండి ఇరుసు మీద ఎల్‌ఎస్‌డీ ఆయిల్ మాత్రమే పోయాలని రాసిన చిన్న రేకు ఇంకా ఉంది. లోపలి ఎల్‌ఎస్‌డీ చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు.

ఈ పరీక్ష గురించి మామ నాకు అప్పుడే ఒక జాగ్రత్త చెప్పాడు. ఎల్‌ఎస్‌డీ బండిని ఒక చక్రం మాత్రమే లేపి, ఇంజను నడిపి గేరు వేయకూడదు. నేల మీదున్న చక్రానికి బలం పోయి బండి జాకీ మీది నుంచి దూకేస్తుంది. అలా కాలు పోయినవాడిని ఆయన చూశాడట.

ఆయిల్ దించితే నల్లగా, మాడు వాసనతో వచ్చింది. వేలికి రాసుకుని ఎండలో పెడితే సన్నని ఇనుప పొడి మెరిసింది. యాక్సిల్ షాఫ్టులు రెండు పక్కలా లాగేసి, వెనక మూత విప్పాడు. బేరింగు క్యాపుల మీద పంచ్‌తో గుర్తులు పెట్టాడు, ఎడమది ఎడమకే కుడిది కుడికే పోవాలని. రెండు టైరు లీవర్లతో అటూ ఇటూ సమంగా ఎత్తి ఇంజను బలం అందుకునే క్రౌన్ చక్రంతో సహా డబ్బాను బయటికి తీశాడు. సన్ గేర్ల మధ్య తిరిగే స్టార్ పినియన్లు తీయాలంటే ముందు ప్లేట్ల దొంతరలను స్ప్రింగు బలానికి ఎదురుగా అణచి పెట్టాలి. కంపెనీ సామాను ఆయన దగ్గర లేదు. లేతు మీద తానే కోయించుకున్న రెండు మందపాటి బిళ్ళలు, మధ్యలో ఒక పొడుగాటి బోల్టు ఉన్నాయి. బిళ్ళలను సన్ గేర్ల మధ్య పెట్టి బోల్టు తిప్పుతుంటే గేర్లు నెమ్మదిగా పక్కలకు జరిగాయి. క్రాస్ పిన్ను ఊడింది. స్టార్ పినియన్లు చేతిలోకొచ్చాయి.

ప్లేట్లను డీజిల్‌లో కడిగి గోనెసంచి మీద వరసగా పేర్చాడు. ఆ వరస నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కొత్త ప్లేటు ముఖం మీద ఆయిల్ నిలవడానికి సన్నని గాళ్ళు ఉంటాయి. వీటి మీద గాళ్ళు చెరిగిపోయి అద్దంలా నున్నగా ఉన్నాయి. కొన్నింటి మీద వేడికి మాడిన నీలి మచ్చలు. డబ్బా గాడిలో కూర్చునే చెవులు ఒక పక్క అరిగి వంకరపోయాయి. ప్లేటును గాజు పలక మీద పెట్టి అంచు మీద వేలితో నొక్కితే టిక్కుటిక్కుమంటూ ఊగింది. మేస్త్రి మైక్రోమీటర్ పెట్టి మందం అరగని చెవి దగ్గర ఒకసారి, అరిగిన మధ్య భాగంలో ఒకసారి కొలిచి తేడా మాకు చూపించాడు. ఒక్కో ప్లేటుకు వెంట్రుకవాసి తేడా. అన్నీ కలిస్తే దొంతరలో బిగువే లేదు.

ఎందుకింత అరిగిందన్నది నాకు పట్టుకున్న ప్రశ్న. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. జీపు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు. పూర్తిగా వెనక్కి తిరిగే ఒక హెయిర్‌పిన్‌లో బయటి చక్రం లోపలి చక్రం కన్నా దాదాపు 4 మీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. ఇరవై మలుపులకు 80 మీటర్లు. ఆ తేడా అంతా ప్లేట్లు ఒకదాని మీద ఒకటి రుద్దుకుంటేనే తీరుతుంది. పైగా బరువుతో ఎక్కేటప్పుడు గేర్లు ప్లేట్లను గట్టిగా నొక్కుతూ ఉంటాయి, అంటే రాపిడి ఎక్కువైన చోటే మలుపూ వస్తుంది. హైవే మీద లక్ష కిలోమీటర్లు నడిచిన బండి కన్నా వత్తల్‌మలై ఎక్కి దిగిన బండిలో ప్లేట్లు ముందు పోతాయి. ఇది ఏ డ్రైవరు తప్పూ కాదు, కొండ లక్షణం.

దానికి రెండు కారణాలు తోడయ్యాయి. ఒకటి, వెనక టైర్లలో ఒకటి పాతది, ఒకటి కొత్తది. చుట్టుకొలత తేడా ఉంటే బండి తిన్నగా పోతున్నా ఒక చక్రం ఎప్పుడూ కొంచెం ఎక్కువ తిరగాలి, ప్లేట్లు విశ్రాంతి లేకుండా అరుగుతాయి. రెండోది ఆయిల్. ఎల్‌ఎస్‌డీకి హైపాయిడ్ గేర్ ఆయిల్‌తో పాటు రాపిడిని మెత్తబరిచే మందు కలపాలి, లేదా కలిపి వచ్చే ఆయిలే పోయాలి. అది లేకపోతే ప్లేట్లు ఒకసారి పట్టి, ఒకసారి వదిలి, మలుపుల్లో వెనక నుంచి గుర్రుగుర్రుమని వణుకు పుడుతుంది. అంతకు రెండేళ్ళ ముందు ఒక వర్క్‌షాపులో ఆయిల్ మార్చారు. ఇరుసు మీద రేకు ఉన్నా చదవలేదు, మామూలు 90 నంబరు ఆయిల్ పోసి పంపించారు. మలుపుల్లో వణుకు వస్తోందని బావ అడిగితే పాత బండి కదా అన్నారట. కొన్నాళ్ళకు వణుకు దానంతటదే ఆగిపోయింది. ప్లేట్లు అరిగిపోయాయి కాబట్టి ఆగింది.

ఇక ఏం చేయాలన్న దగ్గర షెడ్డులో పెద్ద చర్చే నడిచింది. స్టార్ పినియన్లను వెల్డింగు పెట్టి రెండు చక్రాలనూ ఒకటి చేసేయమని ఒక లారీ డ్రైవరు సలహా ఇచ్చాడు. చవక, ఒక పూటలో పని అయిపోతుంది, బురదలో బండి ఎప్పుడూ ఆగదు. పొలాల్లో నడిచే బండికి అది సరిపోతుందేమో. హెయిర్‌పిన్‌లో ప్రతిసారీ ఆ 4 మీటర్ల తేడా ఎక్కడికి పోతుంది? టైరన్నా ఈడ్చుకుపోవాలి, షాఫ్టన్నా మెలితిరగాలి. తడి రోడ్డు మీద దిగేటప్పుడు వెనక చక్రాలు బండిని తిన్నగా తోసేస్తాయి, స్టీరింగు తిప్పినా ముందు భాగం లోయ వైపే పోతుంది. మనుషులను ఎక్కించుకునే బండికి వెల్డింగు పెట్టడాన్ని నేనైతే నేరమనే అంటాను. మామ కూడా ఆ మాట విని, "నా చేత్తో పెట్టను నాయినా, ఇంకెవరన్నా పెట్టినా ఆ బండి నేనెక్కను" అన్నాడు.

మామూలు డిఫరెన్షియల్ వేసేయమని ఇంకొందరన్నారు. అంటే గాడిలో ఆగిపోయిన ఆ రోజునే ఖాయం చేసుకోవడం. మూడో దారి, ఎక్కడైనా తుక్కు బండి ఇరుసులో ఎల్‌ఎస్‌డీ దొరికితే తెచ్చి వేయడం. బావకు ఇది నచ్చింది. నేను చెన్నై పుదుపేట పోయాను. పాత బండ్ల విడిభాగాలకు దక్షిణాదిలో అంత పేరున్న సందులు ఇంకెక్కడా లేవు. అక్కడ ఒక కొట్టులో నిజంగానే ఒక ఎల్‌ఎస్‌డీ డబ్బా దొరికింది. కొట్టు ఆయన మంచివాడు, అక్కడే విప్పి చూసుకోనిచ్చాడు. ప్లేట్లు మావాటికన్నా కొంచెం మేలు, అంతే. పైగా సన్ గేరు లోపలి పళ్ళు మా షాఫ్టు పళ్ళతో కలవలేదు. క్రౌన్‌తో సహా తెచ్చి వేసుకుందామంటే ఇంకో చిక్కు. పాత జీపుల క్రౌన్ పినియన్లలో 43 పళ్ళకు 8 ఒక రకం, 39 పళ్ళకు 8 మరో రకం. ముందు ఇరుసులో ఒకటి, వెనక ఇరుసులో ఇంకొకటి ఉంటే, ఫోర్‌వీల్ వేయగానే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పోట్లాడి గేరుబాక్సును విరగ్గొడతాయి. పాత ఇరుసు కొనేవాళ్ళు ముందు పళ్ళు లెక్కపెట్టాలి, ఆ తర్వాతే బేరం.

చివరికి ప్లేట్ల సెట్టు బెంగళూరు జేసీ రోడ్డులో ఆర్డరు మీద దొరికింది. పాత ప్లేటు ఒకటి న్యూస్‌పేపరులో చుట్టుకుని పోయి, దాని మీద కొత్తది పెట్టి పళ్ళూ చెవులూ సరిచూసుకుని తెచ్చాను. బేరింగులు, ఆయిల్ సీళ్ళు, మూతకు గ్యాస్కెట్, మందు కలిసిన ఆయిల్ కూడా అక్కడే.

బిగింపు రోజున మేస్త్రి షెడ్డులో ఇంకే పనీ పెట్టుకోలేదు. కొత్త ప్లేట్లను ముందు రాత్రే ఆయిల్‌లో నానబెట్టాడు. పొడి ప్లేట్లు బిగిస్తే మొదటి మలుపులోనే మాడిపోతాయి. ఒక్కో ప్లేటు తీసి, ఆయిల్ కారుతుండగా, పాత వరసలోనే పేర్చాడు: గేరుది, డబ్బాది, గేరుది, డబ్బాది. తన బోల్టు సామానుతో అణచి స్టార్ పినియన్లను తిప్పి కూర్చోబెట్టాడు, క్రాస్ పిన్ను దూర్చాడు. బోల్టు వదలగానే దొంతర బిగుసుకుని గేరు చేత్తో తిరగడం మానేసింది. అప్పుడు ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను.

క్రౌన్, పినియన్ పళ్ళ మధ్య ఆట సరిచేయడం అంతకన్నా ఓపిక పని. డయల్ గేజి పెట్టి క్రౌన్‌ను అటూ ఇటూ కదిపితే ముల్లు ఎంత కదులుతుందో చూడాలి. మేస్త్రి 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉండాలన్నాడు. బేరింగులు కొత్తవి కాబట్టి మొదటిసారి ఎక్కువ వచ్చింది. డబ్బా మళ్ళీ బయటికి తీసి, బేరింగు వెనక షిమ్ము ఒక పక్క నుంచి తీసి రెండో పక్క వేసి, మళ్ళీ బిగించి చూశాడు. ముల్లు చెప్పిన చోటికి వచ్చాక పళ్ళకు నీలి రంగు పూసి తిప్పాడు. పన్ను మీద రంగు చెరిగిన మచ్చ మధ్యలో పడాలి. కొనకు పడినా వేరుకు పడినా బండి నడిచినన్నాళ్ళూ కూస్తుంది, ఒకనాడు పన్ను విరుగుతుంది. మచ్చ మధ్యలోనే పడింది. మళ్ళీ చక్రాలు బిగించి, ఎడమది ముందుకు తిప్పితే కుడిది కూడా ముందుకే తిరిగింది.

రెండు వెనక టైర్లూ ఒకే జత వేయించాం. ఊరి బయట ఖాళీ స్థలంలో బావ నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో కాసేపు తిప్పాడు, ఆయిల్ ప్లేట్ల మధ్యకు చేరాలని. మొదట్లో కొంచెం వణికింది, తర్వాత సర్దుకుంది.

కాఫీ కోతలు మొదలయ్యే లోపే మళ్ళీ అదే మట్టి దారిలో పోయాం. గాడిని ఎవరూ పూడ్చలేదు, ఇంకా లోతయింది. మేస్త్రి కూడా వస్తానని వచ్చి, గాడి దగ్గర దిగి నిలబడ్డాడు. కుడి చక్రం దిగింది, ఒక పావు చుట్టు జారింది. వెంటనే ఎడమ చక్రం రాతిని పట్టుకుంది. బండి కొంచెం పక్కకు ఒరిగి, తొందరపడకుండా, పైకి లేచి దాటేసింది. ఇంజను గొంతు కూడా పెరగలేదు. "చూసినావా అప్పా, మూడు వంతులు ఆయిల్ పని, ఒక వంతు ఇనుము పని" అన్నాడు మామ.

ఆ ప్లేట్లు ఇంకా ఆ ఇరుసులోనే ఉన్నాయి. బస్సు వచ్చాక తారు రోడ్డు మీద బావకు మనుషుల బాడుగ తగ్గింది, తగ్గాల్సిందే కూడా. బస్సు పోని పల్లెలకు జీపు ఇంకా పోతోంది. ఏటా వానలకు ముందు ఆయన వెనక చక్రాలు రెండూ లేపి ఒకదాన్ని తిప్పి చూస్తాడు.

పాత ఫోర్‌వీల్ బండి ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఈ వారమే మీరూ ఆ పరీక్ష చేయండి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, కింద స్టాండ్లు వేసుకుని. ఇరుసు మీద రేకు ఏమైనా ఉంటే మట్టి తుడిచి చదవండి. ఆయిల్ మార్చేటప్పుడు ఆ ఆయిల్ డబ్బా మీద ఏం రాసి ఉందో పోయకముందే చూడండి. ప్లేట్లు అరిగాయని తేలితే కొత్తవి వేయించండి, వెల్డింగు మాత్రం పెట్టించకండి.